తలకిందుల షాకుల మీద బెజవాడ నుంచి పేటకు

జగ్గయ్యపేట నుంచి బెజవాడ వెళ్ళి రావడం కూడా ఒక యాత్రేనా అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కాశీ వెళ్ళినవాళ్ళు రాశారు, కాశ్మీరం వెళ్ళినవాళ్ళు రాశారు. యాభై మైళ్ళు కూడా లేని ఈ దారి గురించి ఎవరూ రాయలేదు. కంటికి ఆపరేషన్ అయిన మనిషిని ఈ రోడ్డు మీద పడుకోబెట్టి ఇంటికి తెచ్చుకోవలసి వచ్చినవాడికే దీని పొడవెంతో తెలుస్తుంది. అలాంటి అవసరం ఇంకొకరికి రాకూడదనే కోరుకుంటున్నాను. వస్తే మాత్రం ఇది పనికొస్తుంది.

సంగతి ఎనభైల మొదట్లోది. మంచి వేసవి. మా ఆవిడ రాజ్యానికి కుడి కంట్లో వెనకాల పొర ఊడింది. గోడకి సున్నం పెచ్చులూడినట్టు కంటి లోపల పొర కూడా ఊడుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఎడమ కన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే పోయింది. అంటే ఆమెకి ఉన్న కన్ను ఇదొక్కటే. బెజవాడలో ఆపరేషన్ చేసి పొర అతికించారు. రెండు కళ్ళకీ కట్లు కట్టి పడుకోబెట్టారు. మంచం ఖాళీ చేయవలసిన రోజు వచ్చేసరికి డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు.

"ఇంటికి తీసుకెళ్ళొచ్చు పెద్దాయనా. తల మాత్రం కదలకూడదు. గట్టి కుదుపు తగిలితే పొర మళ్ళీ ఊడొచ్చు. రెండోసారి అతుకుతుందని నేను చెప్పలేను."

"మాది జగ్గయ్యపేటండి. ఆ రోడ్డు మీరు చూశారా?"

"చూడలేదు."

"చూసుంటే ఈ మాట అనరు. కుదుపు లేకుండా వెళ్ళాలంటే ఆ రోడ్డుకి ముందు మీరు ఆపరేషన్ చెయ్యాలి."

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. మంచాలు లేవట, ఇంటికి తీసుకెళ్ళాలట, కుదపకూడదట. మనిషిని గాల్లో మోసుకెళ్ళాలా? ప్రస్తుతానికి మా మరదలు కామేశ్వరి ఇంట్లో దించాను. ఆస్పత్రికి రెండు వీధుల అవతల కింది వాటా. పక్కవాళ్ళ పిల్లలు రోజంతా ఆ మంచం పక్క నుంచే దూకుతున్నారు. అక్కడ ఎక్కువ రోజులు ఉంచే వీల్లేదు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. పేటలో పిండిమర నడిపాను. ఇంజను మొరాయించినప్పుడల్లా బాగుచేసేవాడు దొరక్క, పాత ఇంగ్లీషు పుస్తకాలు కొనుక్కుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి, నా చేత్తో నేనే విప్పి బిగించుకున్నాను. తెలుగులో ఈ విషయాలు రాసినవాడు లేడు. పురాణాలకి కాగితం దొరికింది కానీ ఇంజనుకి దొరకలేదు. ఆ చదువు ఆ రోజు అక్కరకొచ్చింది. కారు కుదుపు మనిషికి చేరకుండా ఆపేది స్ప్రింగు కాదు. స్ప్రింగు కుదుపుని తీసుకుని ఊగుతుంది. ఆ ఊగుడిని ఆపేది దాని పక్కన ఉండే షాక్ అబ్జార్బరు. మెకానిక్కులు షాకు అంటారు. అది చచ్చిన కారులో ఒక్క గుంట పడితే పది గుంటలు పడ్డట్టే.

షాకు బతికుందో లేదో చూడడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, బరువంతా వేసి నొక్కి, ఒక్కసారిగా వదిలెయ్యాలి. కారు లేచి కుదురుకుంటే మంచిది. ఊగుతూనే ఉంటే ఎక్కవద్దు. బెజవాడ టాక్సీ స్టాండులో మధ్యాహ్నం దాకా ఒక్కొక్క కారునీ నొక్కుకుంటూ పోయాను.

"ఏంటి బాబాయిగారూ, గేదెను బేరమాడుతున్నారా?" అన్నాడొక డ్రైవరు.

"గేదె అయితే పొదుగు చూసేవాణ్ణి. నీ బండికి చూడ్డానికేముంది?" అన్నాను.

ఒక్కటీ పనికి రాలేదు. మూడు గంటలకి విసిగి, పేట బస్సెక్కాను. ఇల్లు చూసుకుని, అటువైపు కారేదైనా దొరుకుతుందేమో కనుక్కుందామని. కిటికీ పక్క సీట్లో మిర్చి వ్యాపారి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన తుండుగుడ్డ నుంచి వచ్చే ఘాటుకి నేను తుమ్ముతూనే నా గోడు చెప్పుకున్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నందిగామలో దిగండి. వీరభద్రం అని ఒకడున్నాడు. వాడి కారుకి ఫారిన్ షాకులు. గుంటలో పడ్డా చేతిలో టీ ఒలకదు. కాకపోతే..."

"కాకపోతే?"

"వాటిని తలకిందులుగా బిగించుకున్నాడండి. స్టాండు స్టాండంతా నవ్వుతారు."

నందిగామలో దిగేసరికి ఎండ కాస్త తగ్గింది. వీరభద్రానికి నలభై ఏళ్ళుంటాయి. మాట పెద్దది, మీసం అంతకంటే పెద్దది. నేను కారు చుట్టూ తిరగలేదు. గోనెసంచి అడిగి తీసుకుని, నేల మీద పరుచుకుని, వెనక చక్రాల మధ్యకి దూరి పడుకుని చూశాను. నిజమే. లావుపాటి గొట్టం పైన ఉంది. నిగనిగలాడే సన్నటి కడ్డీ కింద ఉంది. మామూలుగా గొట్టం కిందా కడ్డీ పైనా ఉంటాయి. గోనె మీద పడుకునే కేకలేశాను.

"ఇదేం బిగింపయ్యా? బుద్ధి ఉండే చేశావా?"

"బయటికి రండి బాబాయిగారూ, చెబుతా. అది అలాగే ఉండాలి."

నా కోపానికి కారణం ఉంది. మామూలు షాకులో గొట్టంలో గొట్టం ఉంటుంది. లోపలి దాని నిండా నూనె. బయటి దాంట్లో సగం నూనె, దాని పైన గాలి. రెంటికీ మధ్య అడుగున చిన్న కవాటం. అలాంటి షాకుని తిరగేస్తే గాలి కవాటం దగ్గరికి చేరి నూనెలో కలుస్తుంది. కవ్వం వేసి చిలికినట్టు నురగ అవుతుంది. నూనె ఊగుడిని ఆపుతుంది, నురగ ఆపలేదు. ఇది నేను చదివి తెలుసుకున్నది.

వీరభద్రం తన కథ చెప్పాడు. పేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ కట్టేటప్పుడు యంత్రాలు బిగించడానికి ఒక విదేశీ ఇంజనీరు వచ్చాడట. ఆయన కారు తోలింది వీరభద్రమే. చివర్లో ఆ కారుని లారీ గుద్దితే ఇనుము కింద అమ్మేశారు. వెనక షాకులు రెండూ వీరభద్రం అడిగి పుచ్చుకుని, చివర్లు సరిపోవడానికి ఆటోనగర్‌లో లేత్ మీద బుష్‌లు తిప్పించి, తన ఫియట్‌కి వేసుకున్నాడు.

"దీంట్లో ఒకటే గొట్టమండి. ఓ చివర గ్యాసు బిగించి కొట్టి ఉంటుంది. గ్యాసుకీ నూనెకీ మధ్య జరిగే బిళ్ళ ఉంది. ఎటు తిప్పినా రెండూ కలవవు. బరువున్న గొట్టాన్ని బాడీకి తగిలించారు. చక్రంతో పాటు ఎగిరేది ఈ కడ్డీ ఒక్కటే. ఎగిరే బరువు తగ్గింది కాబట్టి చక్రం రోడ్డుని వదలదు. దొర దగ్గరుండి చూపించాడు నాకు."

పక్క షెడ్డులో నుంచి మెకానిక్ మస్తాన్ నవ్వాడు. "ఇది చూసి స్టాండులో అందరూ వాళ్ళ షాకులు తిరగేయించుకున్నారండి. నేను చెప్పినా విన్లా. ఫారినోడు తిరగేశాడు, నీకేం తెలుసన్నారు. మర్నాటికల్లా బళ్ళన్నీ కప్పల్లా ఎగరడం మొదలెట్టాయి. తిరగేయడానికి ఓసారి, సరిచేయడానికి ఓసారి. నా షెడ్డుకి అంత గిరాకీ ఎప్పుడూ లేదు!"

"అంతా అయ్యాక నన్ను తిట్టారు. వాళ్ళది రెండు గొట్టాలది. నాది ఒంటి గొట్టం. ఆ తేడా అడిగినవాడు ఒక్కడూ లేడు" అన్నాడు వీరభద్రం.

ఆ తేడా నాకు అర్థమైంది. బిళ్ళ అడ్డం ఉంటే నురగ రాదు. పద్ధతి సరైనదే. డిక్కీ నొక్కి చూశాను. లేచి నిలబడింది, ఊగలేదు. అయినా నేను ఒప్పుకోలేదు. బిళ్ళని నేను కళ్ళతో చూడలేదు. లోపల గ్యాసు ఇంకా ఉందో, కారిపోయిందో ఎవరికి తెలుసు? దొర చెప్పాడని రాజ్యం కన్ను పణం పెట్టనా?

"గ్లాసులో నీళ్ళు పోసి సీటు మీద పెడదాం. ఒలకవు, చూద్దురు గాని" అన్నాడు వీరభద్రం.

"నీళ్ళకి జ్ఞాపకం ఉండదయ్యా. ఎంత కదిలినా మళ్ళీ చదునవుతాయి. కదిలితే కదిలినట్టు చెప్పేది కావాలి" అన్నాను.

అన్నాక నాకే తట్టింది. మా ఇంట్లో పాలు తోడేసిన గిన్నె ఉన్న మూలకి రాజ్యం ఎవరినీ వెళ్ళనిచ్చేది కాదు. పక్కన రోలు దంచనిచ్చేది కాదు, తలుపు దబాలున వేయనిచ్చేది కాదు. తోడుకునే పాలు ఒకసారి కదిలాయా, గడ్డ కట్టవు. ముక్కలై నీరు విడుస్తాయి. అంతకంటే నిజాయితీగల సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

ఆ సాయంత్రం వీరభద్రం నన్ను పేటలో దించి మా అరుగు మీదే పడుకున్నాడు. తెల్లవారుజామున పొరుగింటి అన్నపూర్ణమ్మ పాలు గోరువెచ్చన చేసి, స్టీలు గిన్నెలో పోసి, తోడు వేసి ఇచ్చింది. ఎందుకో చెప్పాను.

"ఆపరేషన్ రాజ్యానికి అయితే మతి మీకు పోయిందా అన్నయ్యగారూ?" అంది. అంటూనే మూత పెట్టి గుడ్డ కట్టింది.

వెనక సీటు మీద రాజ్యం తల ఉండవలసిన చోట, పాత చీర చుట్టలు చుట్టి కుదురు చేసి గిన్నెను నిలబెట్టాను. నేను ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాను. అయిదింటికి బయలుదేరాం. చిల్లకల్లులో పెద్ద రోడ్డెక్కేసరికి వెలుతురు వచ్చింది. వేదాద్రి వెళ్ళే భక్తులు చెంబులూ సంచులూ పట్టుకుని బస్సు కోసం నిలబడ్డారు. టీ తాగాం. ఇక్కడి నుంచి నందిగామ దాకా రోడ్డు గురించి చెప్పను. చెప్పడానికి రోడ్డుండాలి కదా. గుంటల మధ్య అక్కడక్కడా మిగిలిన తారుని చూసి, ఒకప్పుడు ఇక్కడ రోడ్డుండేదని ఊహించుకోవాలి.

నందిగామలో ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ బాగుంటుంది, పచ్చడి కారం. స్టాండులో ఒకడు కేకేశాడు.

"ఒరేయ్ వీరభద్రం, నీ బండి ఇవాళ కాళ్ళ మీద నడుస్తోందా, తల మీదా?"

"పెరుగు మీద నడుస్తోందిరా" అన్నాడు మావాడు. వాళ్ళకి అర్థం కాలేదు. నేను గిన్నె మూత మీద చెయ్యి వేశాను. వీరభద్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు తీస్తే ఎలా? తోడుకునేటప్పుడు ముట్టుకోకూడదని మీరే అన్నారుగా!"

కీసర వంతెన మీద మున్నేరులో ఇసుకే తప్ప నీళ్ళు కనపడలేదు. కంచికచర్ల దాటాక ముందు టైరు పంక్చరయింది. జాకీ పెడితే గిన్నె వంగుతుందని, గిన్నెను దించి చేతుల్లో పట్టుకుని, టైరు మార్చేదాకా చెట్టు నీడలో కదలకుండా నిలబడ్డాను. పక్కనుంచి పోయే సైకిళ్ళవాళ్ళు నన్ను చూసి దణ్ణం పెట్టి పోయారు. ఏ ప్రసాదం అనుకున్నారో!

బెజవాడలో మరదలి ఇంటికి చేరేసరికి పదవుతోంది. రాజ్యం కళ్ళకి కట్లతో వెల్లకిలా పడుకుని ఉంది. ఏమీ చెప్పకుండా గిన్నె పక్కన పెట్టి, మూత తీసి, ఆమె చేతికి చెంచా ఇచ్చాను. నేను గిన్నెలోకి చూడలేదు. చూసే ధైర్యం లేకపోయింది. ఆమె చెంచా అంచుతో తడిమి, గుచ్చి, నాలిక మీద వేసుకుంది.

"ఇది అన్నపూర్ణ తోడేసింది. ఆవిడ చెయ్యి పెద్దది. తోడెక్కువై పులుపు తగిలింది."

"పులుపు సంగతి ఎవడడిగాడు? గడ్డ ఎలా ఉంది?"

"చెంచా నిలబడేట్టుంది. చుక్క నీరు లేదు. ఎక్కడ తోడుకుంది ఇది?"

"కారులో" అన్నాను. సంగతంతా చెప్పాను.

ఆమె పెదాలు బిగబట్టుకుంది. తర్వాత పొట్ట కదలడం మొదలైంది. "నా కన్ను కోసం... పెరుగు..."

"నవ్వకు! నవ్వకు రాజ్యం! తల కదులుతోంది!" అని నేను అరిచాను. కామేశ్వరి పరుగెత్తుకొచ్చి వాళ్ళక్క తల రెండు చేతులతో పట్టుకుంది. యాభై మైళ్ళు కదలని పెరుగు తెచ్చి, ఆ పెరుగుతోనే ప్రమాదం తెచ్చుకునేవాణ్ణి.

ఎండ తగ్గాక నాలుగున్నరకి బయలుదేరాం. వెనక సీట్లో నేను మూలకి కూర్చుని, ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని, చెవుల పక్కన అరచేతులు ఆనించాను. వీరభద్రం కళ్ళు రోడ్డు మీదే పెట్టి, గుంట గుంటకీ వేగం తగ్గిస్తూ తోలాడు. ఇబ్రహీంపట్నం దాటాం, కంచికచర్ల దాటాం. గుంట వచ్చినప్పుడు కారు ఒకసారి దిగేది, ఒకసారి లేచేది, అంతటితో సరిపెట్టుకునేది.

కీసర ఇవతల మాత్రం గండం ఎదురైంది. పొద్దున వెళ్ళినప్పుడు లేని కాలువ రోడ్డుకి అడ్డంగా ఉంది. గొట్టమో ఏదో వేయడానికి పగలు తవ్వి, మట్టి పైపైన కప్పి పోయారు. ఒక ఎర్రగుడ్డ లేదు, ఒక రాయి లేదు. తవ్వినవాడి ఇంట్లో ఆడవాళ్ళకి కళ్ళు లేవా? వీరభద్రం బ్రేకు వేసేలోగానే ముందు చక్రాలు దిగి లేచాయి. వెనక చక్రాలు దిగేటప్పుడు నేను ఊపిరి బిగబట్టి, నా మోకాళ్ళనే స్ప్రింగులు చేసుకున్నాను. సీటు కిందికి వెళ్ళింది, పైకి వచ్చింది. మళ్ళీ కిందికి వెళుతుందని కాచుకున్నాను. వెళ్ళలేదు.

వీరభద్రం కారు పక్కకి తీసి ఆపాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అతని మెడ మీద చెమట కారుతోంది.

"ఏవండీ, ఆపాడేం? నందిగామ వచ్చిందా?" అంది రాజ్యం.

"రాలేదు."

"మరి పోనివ్వమనండి. చక్కగా కునుకు పడుతుంటే ఆపాడు."

వీరభద్రం అప్పుడు వెనక్కి తిరిగాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అతను మీసం తుడుచుకుని గేరు వేశాడు. దీపాలు పెట్టే వేళకి పేట చేరాం. పెరుగులో మిగిలిన సగం అన్నపూర్ణమ్మ మజ్జిగపులుసు చేసి పంపింది.

ఇంటికి చేరినంత మాత్రాన కన్ను చేరినట్టు కాదని నాకు తెలుసు. కట్లు తీసే రోజున కూడా వీరభద్రం కారులోనే వెళ్ళాం. పొర అతికే ఉంది, ఇంకొన్నాళ్ళు జాగ్రత్త అన్నారు. తిరుగు ప్రయాణంలో కూడా కంటికి గంతే. వర్షాలు మొదలయ్యాక చివరి పరీక్షకి కూడా, దారికి గంత కట్టి, అతని కారులోనే వెళ్ళాం; మమ్మల్ని దించి అతను నందిగామ వెళ్ళిపోయాడు. డాక్టరు చీకటి గదిలో దీపం వేసి చాలాసేపు చూశాడు.

"బాగా అతుక్కుంది పెద్దాయనా. ఇక బస్సులో తిరిగినా ఫరవాలేదు" అన్నాడు. నేను ఆయనకి దణ్ణం పెట్టాను. రోడ్డు సంగతి మళ్ళీ ఎత్తలేదు. నాకు ఆ రోజు ఎవరి మీదా కోపం రాలేదు. ఇంటికి పోయాక వస్తుందిలే అనుకున్నాను.

అక్కడి నుంచి ఎర్రబస్సులోనే బయలుదేరాం. రాజ్యం లావు అద్దాల కళ్ళజోడు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మున్నేటికి ఎర్రనీళ్ళు వచ్చాయని నాకు చెప్పింది. నాకు తెలియనట్టు చెప్పింది. నేను తెలియనట్టే విన్నాను. నందిగామలో బస్సు ఆగింది. రోడ్డుకి అవతల, స్టాండు చివర ఆకుపచ్చ ఫియట్ కనిపించింది.

"అదిగో, వీరభద్రం కారు" అన్నాను.

ఆమె ఆ కారులో నాలుగుసార్లు ప్రయాణం చేసింది కానీ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కిటికీ ఊచలకి మొహం ఆనించి చూసింది. చూసి, నా వైపు తిరిగింది.

"ఆ డొక్కు దాంట్లోనా నన్ను పడుకోబెట్టి తీసుకొచ్చారు?"

"దానికేం? దాని షాకులు..."

"షాకులు మీరే చూసుకోండి. తలుపు ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు. ముందు బంపరు కొబ్బరితాడుతో కట్టి ఉంది. అదైనా చూశారా?"

నాకు తాడు కనిపించలేదు. నేనా కారుని కింద నుంచి చూశాను కానీ ముందు నుంచి సరిగ్గా ఎప్పుడూ చూడలేదు. పంచె కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఉంది. రోడ్డుకి అవతల, బంపరు చివర, వేలంత లావు కూడా లేని తాడు. దాని ముడి వదులుగా ఉందని కూడా ఆమే చెప్పింది.

చిల్లకల్లు దాకా తిడుతూనే ఉంది. నేను మధ్యమధ్యలో, ఇంకా ఏమేం కనిపించాయని అడుగుతూ వచ్చాను.